పాలు పారబోయమన్న ఉత్తరం

మేడమీది వాటా, వంటింటి బల్ల
మంగళవారం

నాన్నా,

ఈ ఉత్తరం నీకు పాల వ్యాన్ డ్రైవరన్న తెచ్చిస్తాడు. రోజూ పొద్దున్నే మీ దగ్గరి పాలు మా వీధి చివర డిపోలో దింపి ఖాళీ క్యాన్లతో వెనక్కి వస్తాడు కదా, ఆ క్యాన్లతో పాటు దీన్ని కూడా వేసుకెళ్ళమని బతిమాలాను. ఫోన్ ఉండగా ఇదేం చోద్యం అంటావేమో. ఫోన్లో నువ్వు ఒకసారి "ఊఁ" అంటావు, రెండో "ఊఁ" వచ్చేలోపే అమ్మ చేతిలో పెట్టేస్తావు. పైగా ఈ సంగతి నేను నోటితో చెప్పలేను. మా ఇంటి గోడల సంగతి నీకు తెలుసుగా, నేను వంటింట్లో గుసగుసలాడితే వరండాలోంచి అత్తయ్య జవాబు చెప్తుంది.

సంగతేమిటంటే, నాకు ఎడమవైపు రొమ్ము వాచింది. రాయిలా గట్టిపడి, ఎర్రగా కందిపోయి, చీర కొంగు తగిలినా ప్రాణం పోతోంది. నిన్నటి నుంచి చలిజ్వరం. దొరగారు పాలకి నోరు పెడితే నేను పళ్ళు బిగపట్టి గోడ మీది క్యాలెండరు చదువుతున్నాను. (దొరగారంటే నీ మనవడే. ఈ రెండు నెలల్లో ఇంట్లో అందరి చేతా ఊడిగం చేయించుకుంటున్నాడు కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది.)

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. చూసి, ఇన్ఫెక్షన్ అంది, యాంటీబయాటిక్ రాసింది. "మధ్యలో మానకుండా మొత్తం వాడు, పాలు మామూలుగా ఇస్తూనే ఉండు, ఈ మందుతో పిల్లాడికి భయం లేదు" అంది. అంతే, రెండు నిమిషాలు. నేను ఇంకో ప్రశ్న అడుగుదామని నోరు తెరిచేసరికి నా తర్వాతావిడ వచ్చి నా కుర్చీలో సగం కూర్చునేసింది.

ఇంటికొచ్చాక మొదలైంది అసలు కథ. అత్తయ్యేమో యాంటీబయాటిక్ అనే మాట వినగానే చెవులు మూసుకుంది, "పాలల్లోకి దిగదూ ఆ మందు? పసివాడి పొట్ట ఏమైపోవాలి?" అని. ఎదురింటి బ్యాంకు మేనేజరు గారి భార్య తన పన్ను నొప్పికి వాడగా మిగిలిన మాత్రలు సగం స్ట్రిప్పు పట్టుకొచ్చి, "ఇవి చాలా మంచివి, నాకు బాగా పనిచేశాయి, అన్నీ ఒకటేగా" అంది. ఇక నీ అల్లుడు. ఏ లిఫ్టు చెడిపోయినా ముందు దాని పుస్తకం చదవనిదే స్క్రూ విప్పరు కదా, అలాగే మందు పెట్టెలోని కాగితం తీసి, టార్చిలైటు వేసుకుని, చీమ తలకాయంత అక్షరాలన్నీ చదివారు. చదివి మంచినీళ్ళు తాగి పడుకున్నారు. ఆ కాగితం రాసినవాళ్ళు లోకంలో ఉన్న రోగాలన్నీ దానివల్లే వస్తాయని రాసిపెట్టారట.

ఇంట్లో ఏ అభిప్రాయమూ లేనివాడు దొరగారొక్కడే. వాడికి కావలసింది పాలు.

ఇంతమంది చెప్పినా నాకు నమ్మకం కుదరడం లేదు నాన్నా. చిన్నప్పుడు నా గవదబిళ్ళల దగ్గర్నుంచి అన్నీ చూసినవాడివి నువ్వు. మాత్ర బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. నువ్వు వేసుకోమంటే వేసుకుంటాను, ఇవ్వమంటే వాడికి పాలిస్తాను. తొందరగా రాయి.

నీ అమ్మడు

*

పశువుల ఆసుపత్రి, మందుల గది
బుధవారం

చిరంజీవి అమ్మడికి నాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం ఖాళీ క్యాను మూత కింద పదిలంగా అందింది. చదివాను. నువ్వేమీ కంగారు పడవద్దు. నా దగ్గరికి రావలసిన కేసే నా దగ్గరికి వచ్చింది. దీన్ని పొదుగువాపు అంటారు. ఈ చుట్టుపక్కల పొదుగువాపు అంటే ఎవరైనా ముందు నా పేరే చెప్తారని నీకు తెలియనిది కాదు. నిరుడు డెయిరీ ఛైర్మన్ గారి ఎర్రావుకి పొదుగు నాలుగు వైపులా రాయైపోతే, పెద్ద డాక్టర్లు అమ్మేసుకోమన్నారు. అదిప్పుడు పూటకి ఎనిమిది లీటర్లు ఇస్తూ, నేను కనిపిస్తే తోక ఊపుతోంది.

మీ డాక్టరమ్మ రాసిన మందు సరైనదే. ఆ జాతి మందే మేమూ వాడతాం, కొలత మాత్రం వేరు. వెంటనే మొదలుపెట్టు. ఎదురింటావిడ మాత్రలు మాత్రం ముట్టుకోకు. ఒకరి జబ్బుకి మిగిలిన మందు ఇంకొకరికి వేయడం మా పశువుల్లోనే ఒప్పుకోం.

అయితే మీ డాక్టరమ్మ ఒక ముఖ్యమైన సంగతి మరిచిపోయింది. మందు వాడినన్నాళ్ళూ, ఆపిన తర్వాత మరో నాలుగు రోజులూ ఆ పాలు వాడకూడదు. పూర్తిగా పిండి పారబోయాలి. ఇందులో రెండో మాట లేదు. ఇక్కడ మా పాలకేంద్రంలో రోజూ పరీక్ష చేస్తారు. ఎవరైనా మందు వేసిన ఆవు పాలు గుట్టుగా తెచ్చి పోశారో, ట్యాంకరు మొత్తం కాలవ పాలు. పోయిన నెలలో అలా పోసిన ఒక రైతుని నేనే అందరి ముందూ నిలబెట్టి నానా మాటలూ అన్నాను. ఊరివాళ్ళ కాఫీలోకి పనికిరావని నేను పారబోయించే పాలు, నా మనవడి చేత తాగించమని నేనెలా చెప్తాను? ఆ డాక్టరమ్మ చిన్న వయసుది అయివుంటుంది. అనుభవం మీద తెలుస్తుంది.

ప్రభావిత భాగానికి వేడినీళ్ళ కాపడం పెట్టి, పూటపూటకీ గట్టిగా పిండి ఖాళీ చేయి. పడుకునే చోటు పొడిగా ఉండాలి. మేత, అనగా భోజనం, తగ్గించవద్దు. నీళ్ళు బాగా తాగు. ఎక్కువసేపు నిలబడవద్దు.

అల్లుడుగారికీ, చెల్లెమ్మగారికీ నా నమస్కారాలు.

నాన్న

అమ్మలూ, కింద రాస్తున్నది నేను, అమ్మని. ఆయన ఇదంతా రాసి, నాకు గట్టిగా చదివి వినిపించి, ఎలా ఉందన్నట్టు చూశారు. "అది ఆవు కాదండీ, మీ కూతురు" అన్నాను. "పాలు పాలే" అన్నారు. ఆయన చదువుకున్నవారు, నేను కుట్టుమిషను దాన్ని, నేనేం చెప్పగలను? కానీ పసివాడికి పాలాపమంటే నాకు మనసు ఒప్పడం లేదు. ఇంకొక్కసారి ఆ డాక్టరమ్మనే అడగరాదూ?

*

మేడమీది వాటా, కిటికీ పక్క
శుక్రవారం

నాన్నా,

నీ ఉత్తరం చేరింది. నువ్వు చెప్పినట్టే చేస్తున్నాం.

నిన్న పొద్దున నీ అల్లుడు డబ్బాపాలూ, సీసాలూ, పాలు పిండే యంత్రమూ కొనుక్కొచ్చారు. ఆ యంత్రం మోటారు చూసి ఆయనకి ముచ్చటేసింది, విప్పి చూసి మళ్ళీ బిగించారు. బిగించాక ఒక వాషరు మిగిలింది. అప్పట్నుంచి అది పాలు లాగడం మానేసి ఈల వేస్తోంది. చేత్తోనే పిండాను. నువ్వు గట్టిగా అన్నావు కాబట్టి గట్టిగానే పిండాను. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి, పాలు మాత్రం గ్లాసులో అడుగంటేన్ని వచ్చాయి. వాటిని సింకులో పారబోస్తుంటే అత్తయ్య అటు తిరిగి నిలబడింది.

ఇక సీసా సంగతి. దొరగారి నోట్లో పెట్టాం. నాలుకతో బయటికి తోశాడు. మళ్ళీ పెట్టాం. ఈసారి నా వంక ఒక చూపు చూశాడు నాన్నా, అప్పు ఎగ్గొట్టినవాణ్ణి చూసినట్టు. తర్వాత మొదలుపెట్టాడు ఏడుపు. అత్తయ్య పాట పాడింది, ఏడుపు పెరిగింది. అత్తయ్య పాట ఆపింది, ఏడుపు ఇంకా పెరిగింది. నా ఒంటి వాసనకి సీసా పట్టడం లేదేమోనని నన్ను వేరే గదిలో కూర్చోబెట్టారు. సరే, తల్లి వాసన ఉంటేనే పడతాడేమోనని నీ అల్లుడు నా నైటీ తొడుక్కుని, కర్టెన్లు వేసి, సీసా పట్టుకుని కూర్చున్నారు. దొరగారు క్షణం సేపు నమ్మాడు. చెయ్యి చాచి మీసం పట్టుకున్నాడు. అంతే, ఇల్లెగిరిపోయింది. సరిగ్గా అప్పుడే తలుపు చప్పుడైతే ఆయన ఆ గాభరాలో అలాగే వెళ్ళి తీశారు. ఎదురింటి మేనేజరు గారి భార్య, ఏడుపు విని ఏమైందో చూద్దామని వచ్చింది. నైటీలో మీసాలాయన చేతిలో పాలసీసా చూసి, "తర్వాత వస్తాను" అని వెళ్ళిపోయింది. ఆయన ఇవాళ లిఫ్టు పనికి మెట్ల దారిన కాకుండా వెనక సందులోంచి వెళ్ళారు.

మొత్తానికి అలవాటు పడుతున్నాడులే. సీసా పడుతున్నాడు. నేను మాత్రలు వేళకి వేసుకుంటున్నాను, జ్వరం తగ్గింది. నువ్వేమీ బెంగ పెట్టుకోకు. అమ్మకి కూడా చెప్పు.

నీ అమ్మడు

అన్నయ్యగారికి నమస్కారములు. కవరు అంటించి వ్యాన్ అబ్బాయికి ఇమ్మని కోడలు దీన్ని నా చేతికిచ్చింది. నేను ముప్పయ్యేళ్ళు తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని చేసి రిటైరయ్యాను. లక్షల ఉత్తరాలు నా చేతుల మీదుగా పోయాయి, ఒక్కటి కూడా విప్పి చూడలేదు. ఈ ఒక్కటీ చదివాను. పరువు పోతే పోయింది.

పైన చివరి నాలుగు ముక్కలూ అబద్ధం. పిల్లాడు సీసా పట్టలేదు, పట్టడు. రోజంతా గుక్కపట్టి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. వాడి ఏడుపు చూడలేక నిన్న సాయంత్రం నుంచి మీ అమ్మాయి తన పాలే ఇస్తోంది. మీరేమో మందు వేసుకుంటే పాలివ్వకూడదన్నారు. అందుకని మందు మానేసింది. మానేయడమేమిటి, అసలు మొదలే పెట్టలేదు, స్ట్రిప్పు ఎలా తెచ్చిందో అలాగే ఉంది. ఒళ్ళు పేలిపోతోంది. వాపు ఇంకా పాకింది. నేను చెప్తే, "నాన్న అలా అన్నారు అత్తయ్యా" అంటుంది. డాక్టరమ్మ దగ్గరికి పదమంటే, "నాన్నకి తెలియకపోతేగా" అంటుంది. మొదట్లో నేనూ మీ మాటే అన్నాను. ఇప్పుడు ఆ పిల్ల ముఖం చూస్తుంటే నాకు భయంగా ఉంది. మీ మాట తప్ప ఎవరి మాటా వినేలా లేదు. మరి ఆ మాట ఏదో సరిగ్గా కనుక్కుని చెప్పండి.

*

పశువుల ఆసుపత్రి
శనివారం

అమ్మడూ,

ఈపాటికి నా ఫోన్ సంగతి నీకు తెలిసి ఉంటుంది. అల్లుడుగారు ఎత్తారు. "అమ్మాయిని మాత్ర వేసుకోమను, పాలు కూడా ఇవ్వమను, రెండూ, ఇప్పుడే" అని చెప్పి పెట్టేశాను. ఆయన "నమస్కారం మావయ్యా" అనే లోపే పెట్టేసినట్టున్నాను, ఏమీ అనుకోవద్దని చెప్పు. ఈ ఉత్తరం వివరం కోసం. మాత్ర వేసుకోకుండా దీన్ని చదువుతున్నట్టయితే, ఇక్కడ ఆపి, వేసుకుని వచ్చి చదువు.

చెల్లెమ్మగారు రాసింది పొద్దున ఆసుపత్రి గుమ్మంలో నిలబడి చదివాను. ఒక దూడకి టీకా వేయాల్సి ఉంటే దాని యజమానిని సాయంత్రం రమ్మని చెప్పి, తిన్నగా పిల్లల డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన కుక్కకి కాలు విరిగితే కట్టింది నేనే, ఆ చనువుతో.

లోపలికి వెళ్ళేముందు బయట అమ్మాయి చీటీ రాస్తుంది కదా. "బాబా, పాపా?" అంది. బాబన్నాను. "ఎక్కడ?" అంది. తీసుకురాలేదన్నాను. పైకీ కిందకీ చూసింది. "వయసు?" రెండు నెలలు. "బరువు?" తెలియదన్నాను. ఆ మాట అనేసరికి నాకే సిగ్గేసింది. ఈ చుట్టుపక్కల ఏ దూడ ఎంత తూగుతుందో కంటితో చూసి చెప్తాను. నా మనవడి బరువు నాకు తెలియదు.

చీటీ లేకుండానే కూర్చున్నాను. చుట్టూ పిల్లలు ఏడుస్తున్నారు. నా చొక్కాకి పట్టిన ఆవుల వాసనకి కాబోలు ఒక పాప ఏడుపు ఆపి నన్నే చూస్తూ కూర్చుంది. నా వంతు వచ్చింది. డాక్టరు గారు "పేషెంటు ఎవరండీ?" అన్నారు. నా కూతురు అన్నాను. "ఆవిడ నా దగ్గరికెందుకు?" అన్నారు. ఆవిడ రాలేదు, నేనొచ్చాను, అని మొత్తం చెప్పుకొచ్చాను. పొదుగువాపు అన్నాను, ట్యాంకరు అన్నాను, నాలుగు రోజులు అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి నవ్వడం మొదలుపెట్టారు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నారు. "ఇంతకీ ఆవిడ మందు వాడుతోందా?" అన్నారు. నేను చెప్పగానే ఆ నవ్వు టక్కున ఆగిపోయింది. "ఆలస్యం చేస్తే చీము పట్టి కొయ్యాల్సి వస్తుందండీ. మిగతాది తర్వాత మాట్లాడదాం, ముందు ఫోన్ చెయ్యండి" అని తన ఫోనే నా చేతిలో పెట్టారు. అలా చేసిన ఫోనది.

తర్వాత కూర్చోబెట్టి చెప్పారు, నేనూ విద్యార్థిలా విన్నాను. మా పశువుల లెక్క వేరట. మేం మందుని చాలాసార్లు నేరుగా పొదుగులోకే ఎక్కిస్తాం, ఆ పాలల్లో మందు దండిగా ఉంటుంది. ఆ పాలు తాగేది ఎవరో మనకి తెలియదు, అందులో ఆ మందు ఒంటికి పడనివాళ్ళుంటారు, దాంతో పెరుగు తోడుకోదు, అన్నిటికీ మించి క్రిములు మందుకి అలవాటుపడి మొండికెత్తుతాయి. అందుకని పారబోయిస్తాం. నువ్వు మింగే మాత్ర అలా కాదు. కడుపులోంచి రక్తంలోకి, రక్తంలోంచి పాలల్లోకి వచ్చేసరికి మిగిలేది ఏ మూలకీ రాదు. అదే పిల్లాడికి జబ్బు చేస్తే ఆ జాతి మందే వాడి నోట్లో నేరుగా పోస్తారట, ఇంతకంటే ఎంతో ఎక్కువ.

అలాగని అన్ని యాంటీబయాటిక్కులూ ఒకటి కావని మరీ మరీ చెప్పారు. పాలిచ్చే తల్లికి నిశ్చింతగా రాసేవి చాలా ఉన్నాయట, నీకు రాసింది అందులోదే. కొన్నిటిని బిడ్డ మరీ పసిగుడ్డా, నెలలు నిండకుండా పుట్టాడా, కామెర్లున్నాయా అని చూసుకుని రాస్తారట. ఇంకొన్ని వేరే దారి లేకపోతే తప్ప ముట్టుకోరట. అందుకే పాలిస్తున్న సంగతీ, వాడి వయసూ, నీకు ఏ మందైనా పడకపోవడం ఉంటే అదీ, అడగకపోయినా డాక్టరుకి చెప్పాలి. ఎదురింటావిడ సగం స్ట్రిప్పు విషయంలో మాత్రం నేను చెప్పిందే ఒప్పుకున్నారు. ఆ ఒక్కదానికీ కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

పాలివ్వడం ఆపితే వాపు ఇంకా ముదురుతుందట. గట్టిగా పిండమని నేను రాసింది కూడా తప్పే. పిండీ పిసికీ చేస్తే వాపు పెరుగుతుంది. వాడికి కావలసినప్పుడల్లా మామూలుగా తాగనిస్తే చాలు. నొప్పికి చల్లని గుడ్డ వేసుకో. వాడికి విరేచనం కాస్త పలచనవ్వచ్చు, భయపడకు. మరీ ఎక్కువైనా, నోట్లో తెల్లటి పొర కట్టినా, ఒంటి మీద దద్దుర్లు లేచినా చూపించు. నీకు రెండు రోజుల్లో జ్వరం దిగకపోతే మాత్రం ఒక్క పూట కూడా ఆగొద్దు, వెళ్ళు. మీ డాక్టరమ్మ ఇవన్నీ రెండు నిమిషాల్లో చెప్పేసింది. ఆవిడ వయసు గురించి నేను రాసిన మాట కొట్టేయి.

ఇంకొకటి చెప్పాలి. నీ మొదటి ఉత్తరం చదివినప్పుడు నాకు దిక్కు తోచలేదు. కూతురి ఒంటి సంగతి తండ్రి ఎలా మాట్లాడతాడు, ఏ మాట రాస్తాడు? కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఒక్క వాక్యం రాలేదు. చివరికి ఇది ఆవు అనుకుందాం అనుకున్నాను. అనుకోగానే కలం గడగడా సాగింది. ఆవనుకుని మొదలుపెట్టి, నిజంగానే ఆవుకి వైద్యం రాసి పంపించాను. నీకు జ్వరం ఎంతుందని కూడా అడగలేదు. తప్పు నాది అమ్మడూ.

నాన్న

అమ్మలూ, పిల్లల డాక్టరు గారి దగ్గర్నుంచి వచ్చి అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు. నేను నోరు జారి "పాలు పాలే కదండీ" అన్నాను. అనకుండా ఉండాల్సింది. కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. వదినగారు ఉత్తరం విప్పి చదివినందుకు ఆవిడ కాళ్ళకి దండం పెట్టాలని ఉంది, చెప్పు.

*

మేడమీది వాటా, వరండా
సోమవారం, నీ ఫోన్ వచ్చిన తొమ్మిది రోజులకి

నాన్నా,

మాత్రలు అయిపోయాయి. ఈసారి అబద్ధం కాదు, కావాలంటే అత్తయ్య సాక్షి సంతకం కింద ఉంది చూడు. జ్వరం మూడోరోజుకే పోయింది. వాపు కరిగింది, చిన్న గడ్డలా ఉంటే డాక్టరమ్మ మళ్ళీ చూసి, చీము లేదు, అదే పోతుందంది. దొరగారికి రెండు రోజులు విరేచనం పలచనైంది. నీ అల్లుడు ప్రతి గుడ్డా వెలుగులో పెట్టి చూసి, నాకు వివరంగా చెప్పేవారు. ఇప్పుడు బాగున్నాడు. సీసా కనిపిస్తే ఇప్పటికీ పిడికిలి బిగిస్తున్నాడు.

నీ ఫోన్ వచ్చిన రోజు సంగతి చెప్పనా? ఆయన నా దగ్గరికొచ్చి, "మీ నాన్న ఫోను. రెండూ అన్నారు, ఇప్పుడే అన్నారు. ఏ రెండో అర్థం కాలేదు" అన్నారు. అత్తయ్యకి మాత్రం వెంటనే అర్థమైంది. మాత్రా నీళ్ళూ ఒక చేత్తో, దొరగార్ని ఒక చేత్తో పట్టుకొచ్చి ఎదురుగా నిలబడింది. సాయంత్రం నన్ను లాక్కెళ్ళి డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టింది కూడా. "రాసిన మందు ఎందుకు వాడలేదమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ. మా నాన్నగారు పాలు పారబోయమన్నారండీ, ఆయన కూడా డాక్టరే అన్నాను. "ఏ ఆసుపత్రి?" అంది. నేను కొంగు సర్దుకున్నాను. అత్తయ్య చెప్పేసింది. ఆవిడ పెన్ను కింద పెట్టి, కిటికీ వైపు తిరిగి కాసేపు భుజాలు కదిలించింది. తర్వాత తలుపు వేయించి, బయటివాళ్ళని ఆగమని, నాకు అన్నీ నెమ్మదిగా చెప్పింది. "నాకు రెండు నిమిషాలే ఉన్నట్టు కనిపించినా అడగాలమ్మా, నా కొంగు పట్టుకుని అడుగు" అంది. మంచావిడ నాన్నా.

నాకు నీ మీద కోపం వచ్చింది. దాచడం ఎందుకు, బాగా వచ్చింది. వాడు గుక్కపట్టి ఏడుస్తుంటే, నా ఒళ్ళు కాలిపోతుంటే, ఎర్రావు ఎనిమిది లీటర్లు గుర్తొచ్చి ఏడ్చాను. కానీ నీ మీదకంటే నా మీద ఎక్కువ కోపం. పాలివ్వమన్న డాక్టరమ్మ మాట నా చెవుల్లోనే ఉంది, సీసా పట్టని పిల్లాడు ఒళ్ళోనే ఉన్నాడు. అయినా "నాన్నా, నువ్వు చెప్పింది కుదరడం లేదు" అని ఒక్క ముక్క నీకు రాయలేకపోయాను. ఇంత వయసొచ్చి, ఒక బిడ్డని కని, నీ మాట కాదనడం కంటే ఆ నొప్పి భరించడమే తేలిక అనుకున్నాను. ఇకమీదట అలా అనుకోను. ఈ సంగతి నువ్వూ గుర్తుంచుకో.

నువ్వు వాడి బరువు తెలియదని రాశావే, అది చదివి కోపం పోయింది. నిన్న తూయించాను, అయిదున్నర కిలోలు. కానీ నాన్నా, బరువు కాగితం మీద తెలుసుకుంటే ఏం లాభం? వాడు పుట్టినప్పుడు వచ్చావు. కళ్ళు చూశావు, చిగుళ్ళు చూశావు, వేళ్ళు లెక్కపెట్టావు, బొడ్డు చూశావు. "ఆరోగ్యంగా ఉన్నాడు" అని అమ్మతో చెప్పి బస్సెక్కావు. అందరూ ఎత్తుకున్నారు, నువ్వు ఎత్తుకోలేదు. అడిగితే, పశువుల దగ్గర్నుంచి వచ్చాను, చేతులు శుభ్రంగా లేవన్నావు. రెండుసార్లు సబ్బుతో కడుక్కోవడం నేను చూశాను.

ఒకసారి రా. వైద్యానికి కాదు, ఇక్కడెవరికీ జబ్బు లేదు. నువ్వెక్కడికెళ్ళినా భుజాన వేసుకొస్తావే ఆ మందుల సంచీ, దాన్ని ఇంట్లోనే పెట్టి రా.

నీ అమ్మడు

పై విషయాలన్నీ నిజం. ఈసారి ఉత్తరాన్ని నేను చాటుగా చదవలేదు, కోడలే చదివి వినిపించింది. వదినగారికి చెప్పండి, దండాలు వద్దు, ఆవిడ కుట్టిన రెండు మెత్తటి జుబ్బాలు చాలు. — సాక్షి, మీ చెల్లెమ్మ

*

ఇంటి నుంచి
బుధవారం

అమ్మడూ,

ఉత్తరం చదివాను. రెండుసార్లు చదివాను. నువ్వు కోప్పడ్డ చోటు మూడోసారి కూడా చదివాను. బాగా రాశావు.

నిన్న పాలకేంద్రంలో ఒకావిడ, చంటిబిడ్డని ఎత్తుకుని వచ్చి, తనకి దగ్గు మందు రాశారట, పాలివ్వచ్చా డాక్టరు గారూ అని నన్ను అడిగింది. అక్కడ పదిమంది ఉన్నారు. నాకు తెలియదమ్మా, నేను ఆవుల డాక్టర్ని, మీ డాక్టర్ని అడుగు, నిలబెట్టి అడుగు అన్నాను. కేంద్రం మేనేజరు నాకు ఒంట్లో బాగాలేదేమోనని కుర్చీ వేయించాడు.

ఆదివారం పొద్దున పాల వ్యాన్‌లోనే వస్తున్నాను. డ్రైవరబ్బాయి ముందు సీటు ఇస్తానన్నాడు. సంచీ తేవడం లేదు. అది లేకుండా నేను ఎక్కడికీ వెళ్ళి ఎరగను. అక్కడికొచ్చి ఏం చెయ్యాలో, ఎక్కడ నిలబడాలో తెలియడం లేదు. అయినా వస్తున్నాను.

నాన్న

అమ్మలూ, నేను కూడా వస్తున్నాను, జుబ్బాలు అయ్యాయని వదినగారికి చెప్పు. ఈయన నిన్నటి నుంచి అద్దం ముందు దిండు పట్టుకుని నిలబడుతున్నారు. మెడ కింద చెయ్యి ఎలా పెట్టాలో చూపించమన్నారు, చూపించాను. దూడనైతే ఇలా పట్టుకుంటాం అనబోయి, తనే ఆగిపోయారు. ఇందాక వచ్చి, "ఉత్త చేతులతో ఎలా వెళ్ళనే?" అని అడిగారు. "ఉత్త చేతులతో వెళ్తేనేగా వాణ్ణి ఎత్తుకునేది" అన్నాను. దిండు పక్కన పెట్టి, వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చారు.